గురువారం నుంచి వెనక్కి

మా అక్క ద్రాక్ష తీగను ఏ రోజు కత్తిరించాలన్నది ఈస్టర్ తేదీని బట్టి ఉంటుంది. ఈ మాట చెబితే వినేవాళ్ళు నవ్వుతారు. "తీగకి కూడా బాప్తిస్మం ఇచ్చేశారా మాస్టారూ?" అని మా స్కూల్లో సైన్సు చెప్పే ఆయన ఒకసారి ఆటపట్టించాడు. నవ్వుకోనీ. మా ఇంట్లో అది నాన్న రోజుల నుంచి నడుస్తున్న పద్ధతి.

బాపట్లలో సూర్యలంక వెళ్ళే రోడ్డు వైపు మా ఇల్లు. ఇంటి వెనక కాస్త ఇసుక నేల, అందులో సిమెంటు స్తంభాల మీద ఇనప తీగలు లాగి కట్టిన పందిరి, పందిరి మీద తొమ్మిది నల్ల ద్రాక్ష పాదులు. సముద్రపు గాలి, ఉప్పు తగిలే నీళ్ళు, ఏటా తప్పని తుఫాను. ఇక్కడ ద్రాక్ష పెంచాలనుకోవడం తెలివైనవాళ్ళు చేసే పని కాదు. నాన్న మొండివాడు. ఆ మొండితనం మొత్తం అక్కకి వచ్చింది, నాకు కోపం మాత్రం మిగిలింది.

ఆ కాయలు అమ్మరు. ఈస్టర్‌కి మూడు రోజుల ముందు వచ్చే పరిశుద్ధ గురువారం సాయంత్రం మా లూథరన్ గుడిలో సంస్కారం ఉంటుంది. ప్రభువు శిష్యులతో చేసిన చివరి భోజనాన్ని తలచుకుని అందరం మోకాళ్ళ మీద ఉండి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. ఆ రసం మా పందిరి నుంచే వెళ్ళాలి. కాబట్టి అక్క ఆ గురువారం నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. వడకట్టిన రసం తేరుకోవడానికి నాలుగు రోజులు. జాడీలో మాగడానికి ఇరవై ఒక్క రోజులు. కత్తిరించిన దగ్గర్నుంచి కాయ పండడానికి నూట ముప్పై రోజులు. అన్నీ కలిపి నూట యాభై ఐదు. వెనక్కి పోగా పోగా ఏ రోజు తేలితే ఆ రోజు పొద్దున్నే కత్తెర పట్టుకుంటుంది. కాగితం మీద పెట్టదు. అంతా వేళ్ళ కణుపుల మీదే.

ఈస్టర్ ఒక్క తేదీ మీద నిలిచే పండుగ కాదు. ఒక ఏడాది మార్చి ఆఖర్లో వస్తుంది, ఇంకో ఏడాది ఏప్రిల్ ఆఖరుకి జరుగుతుంది. కొత్త క్యాలెండరు చేతికొచ్చేది జనవరిలో. అక్కకి తేదీ కావలసింది దసరా రోజుల్లో. అందుకని ఏటా అప్పుడు ఎవర్నో ఒకర్ని అడుగుతుంది. నేను తెనాలిలో లెక్కల మాస్టార్ని. ఎవర్నో ఒకర్ని అడగాలంటే ఇంకెవర్ని అడుగుతుంది?

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. నేను స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నాను. సెక్షన్ మొత్తం ఒకే లెక్క ఒకే రకంగా తప్పు చేసి పెట్టింది. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసేశారు. ఒళ్ళు మండిపోయి ఎర్ర ఇంకుతో సున్నాలు చుడుతున్నాను.

"వచ్చే ఈస్టర్ ఎప్పుడు రా?" అంది అక్క.

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, వెతికి, తెర మీద కనపడింది చదివాను. "ఏప్రిల్ ఇరవై."

"ఏప్రిల్ ఇరవయ్యా? సరేలే" అని పెట్టేసింది.

నేను మళ్ళీ సున్నాలు చుట్టడంలో పడ్డాను. తెర మీద ఉన్నది అప్పటికి ఆరు నెలల క్రితం అయిపోయిన ఈస్టర్ తేదీ. పక్కనే సంవత్సరం కూడా ఉంది. నేను చదవలేదు. రాబోయే ఈస్టర్ ఏప్రిల్ అయిదున. సరిగ్గా పదిహేను రోజుల తేడా.

నవంబరు మొదటి వారం చివర్లో గాలివాన వచ్చింది. రెండు రోజులు తెనాలి నుంచి బాపట్లకి బళ్ళు సరిగ్గా నడవలేదు. పందిరి మీద ముదురు ఆకు చాలావరకు రాలిపోయింది, రెండు స్తంభాలు ఒరిగాయి. అక్క వాటిని సరిచేయించి, తన లెక్క ప్రకారం నవంబరు రెండో వారంలో కత్తిరించింది. నిజానికి ఆ పని అక్టోబరులోనే అయిపోయి ఉండాలి. అది నాకూ తెలీదు, ఆమెకీ తెలీదు.

తీగకి మాత్రం తెలిసిపోయింది. మామూలుగా మా పందిరికి పూత డిసెంబరు మొదట్లో వస్తుంది. అప్పటికి తుఫాన్లు వెనక్కి తగ్గుతాయి, మంచు ఇంకా దిగదు. ఆ మధ్యలో దొరికే పొడి రోజుల్లోనే పూత నిలబడి పిందె పడాలి. ఈస్టర్ ఆలస్యమైన పోయినేడు పూత క్రిస్మస్‌కే వచ్చినా, మంచు ఇంకా దిగక బతికిపోయింది. ఈసారి కూడా పూత క్రిస్మస్ నాటికే వచ్చింది. ఈ ఏడు అప్పటికే మా వైపు మంచు ఎలా ఉందంటే తెనాలి స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడితే రెండో నంబరు కనపడదు. ఆకుల అడుగున తెల్లగా బూజు పట్టింది. అక్క మైలుతుత్తం, సున్నం కలిపి ఆ నీళ్ళు రోజు మార్చి రోజు కొట్టింది. పండుగ పూట కూడా చేతులు నీలంగా ఉన్నాయి.

"ఎప్పుడూ లేంది పూత మంచులో పడిందేంట్రా?" అని క్రిస్మస్ రోజు నన్నే అడిగింది.

"కాలం మారిపోయిందక్కా" అన్నాను, చేతిలో కేకు ముక్క పెట్టుకుని. ఆ రోజుకి నా తప్పు నాకు తెలీదు కాబట్టి ఆ మాటకి నన్ను క్షమించుకోగలను. తర్వాతి మాటకి క్షమించుకోలేను.

జనవరి ఒకటిన గుడిలో కొత్త క్యాలెండర్లు పంచారు. సాయంత్రం అక్క ఫోన్ వచ్చింది. గొంతులో ఏదో తేడా ఉంది.

"ఒరే, మంచి శుక్రవారం ఏప్రిల్ మూడున వేశారు. అంటే గురువారం రెండో తారీఖు. నేను పదిహేను రోజులు ఆలస్యంగా కత్తిరించాను రా."

నేను టీవీ గొంతు తగ్గించాను.

"నువ్వు నాకు ఏ తేదీ చెప్పావు? ఏప్రిల్ అయిదనేగా? ఇరవై అని నా చెవిలో ఎందుకుండిపోయిందో. పోయినేడు ఇరవై కదా. ఆ ఏడాదిదీ ఈ ఏడాదిదీ కలిపేసుకున్నట్టున్నాను."

ఫోన్ పట్టుకునే రెండో ఫోన్లో, అంటే మా ఆవిడ ఫోన్లో, వెతికాను. ఈసారి సంవత్సరం కూడా చదివాను. స్టాఫ్ రూము, ఎర్ర ఇంకు, తెర మీది అక్షరాలు అన్నీ గుర్తొచ్చాయి. "అక్కా, తప్పు నాదే" అనడానికి ఎంత సేపు పడుతుంది? ఊపిరి తీసుకున్నంత సేపు. కానీ ఆ ఊపిరిలోనే, సాటి మాస్టార్లు, గుడి సంఘం, మా ఆవిడ, అందరూ లెక్కల మాస్టారు తేదీ తప్పు చెప్పాడని నవ్వడం వినపడింది.

"ఏమో అక్కా, గుర్తులేదు. సరైనదే చెప్పుంటాను" అన్నాను.

"అంతేలే. నువ్వెందుకు తప్పు చెప్తావు" అంది.

నమ్మకంతో అన్న మాట అది. ఎత్తిపొడుపు కూడా కాదు. ఆ తర్వాత మెల్లగా, "అమ్మకి కూడా ఇలాగే మొదలైంది కదరా" అంది.

అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. అమ్మకి చివరి ఆరేళ్ళు మతి లేదు. మొదట కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. తర్వాత ఆదివారం ఏదో మంగళవారం ఏదో తెలిసేది కాదు. చివర్లో నన్ను చూసి "ఈ అబ్బాయి ఎవరండీ?" అని మర్యాదగా అడిగేది. నేను తెనాలి నుంచి ఆదివారాలు వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. స్నానం చేయించింది, అన్నం కలిపి పెట్టింది, వీధిలోకి వెళ్ళిపోతే వెతికి తెచ్చింది అక్క. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం చేస్తూ ఆ చాకిరీ అంతా చేసింది. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. తనకా జబ్బు వస్తే చూసేవాళ్ళు ఎవరన్న భయం ఆమెకి ఎప్పట్నుంచో ఉంది. పైకి అనేది కాదు. ఆ రోజు అనేసింది.

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నా మొహం చూసి అడిగితే చెప్పాను. "ఇప్పుడే మళ్ళీ చేసి చెప్పెయ్యండి. మీ అక్క మిమ్మల్నేం కొరుక్కు తినదుగా" అంది.

"చెప్తాలే, ఆదివారం వెళ్తాగా, ఎదురుగా చెప్తా" అన్నాను.

ఆదివారం వెళ్ళాను. అక్క పందిరి కింద స్టూలు వేసుకుని వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది. నన్ను చూసి చెయ్యి చీర కొంగు కింద దాచేసుకుంది. నేను చెప్పలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా చెప్పలేదు. చెప్పకుండా గడిచిన ప్రతి ఆదివారం చెప్పడాన్ని ఇంకాస్త కష్టం చేసింది. తప్పు ఒకటే, దానికి వడ్డీ లాంటి సిగ్గు మాత్రం వారం వారం పెరిగింది. ఇంట్లో మా ఆవిడ అడగడం మానేసింది. అడగకపోవడం ఇంకా ఎక్కువ కాల్చేది. స్కూల్లో చిన్నదానికీ పెద్దదానికీ అరిచేవాణ్ణి.

సంక్రాంతి దాటాక మంచు ఇంకో రెండు వారాలు పీడించింది. గుత్తుల్లో సగం పిందె బూజుకి రాలిపోయింది. మిగిలింది ఆకుపచ్చగా, గట్టిగా, బఠాణీ గింజంత. ఫిబ్రవరి మధ్యకి మామూలుగా కాయ రంగు తిరగడం మొదలవుతుంది. ఈసారి శివరాత్రి వెళ్ళినా ఒక్క కాయ కూడా నల్లబడలేదు. అక్క రోజూ ఒక కాయ కోసి కొరికి ఉమ్మేసేది. ఆ మొహం చూసే నాకు పులుపు తెలిసేది.

ఈస్టర్‌కి ముందు ఉపవాసాలుండే నలభై శ్రమ దినాలు మొదలయ్యాక వచ్చిన ఆదివారం, ఆరాధన అయ్యాక, అక్క నేరుగా అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. పాస్టరుగారిని మేమందరం అయ్యగారనే అంటాం. నేను పక్కనే ఉన్నాను.

"అయ్యగారండీ, రసం ఇదే ఆఖరు ఏడండి. ఈస్టర్ అయ్యాక పందిరి తీయించేస్తాను" అంది.

"అదేంటి సిస్టరమ్మా, ఏమైంది?"

"పెద్దదాన్ని అయిపోయాను కదండి. లెక్క అందట్లేదు."

సంఘ పెద్ద ఒకాయన అక్కడే ఉన్నాడు. మంచివాడే, మాట మాత్రం కాస్త బరువు. "పోన్లెండమ్మా, సీసాలు కొనుక్కుందాం. ఈ ఏడే అందకపోతే ముందే చెప్పండి, తెనాలిలో తెప్పిస్తాం" అన్నాడు. అక్క తలాడించింది. ఆ తలాడించడంలో ఆమె ఒక్కసారిగా అమ్మలా కనపడింది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. గుడి మెట్ల మీద, అయ్యగారి ముందు. నోట్లో మాట తిరిగింది కూడా. "బండి టైమవుతోందక్కా" అని వచ్చేశాను.

ఆ వారంలోనే ఒకరోజు మా స్కూలు క్లర్కు, రోజూ రేపల్లె నుంచి బండి మీద వచ్చేవాడు, అన్నాడు: "మీ అక్కగారు నిన్న రేపల్లెలో బండి దిగారండి. పలకరిస్తే కంగారు పడిపోయారు."

బాపట్ల నుంచి రేపల్లె పోవాలంటే తెనాలిలో బండి మారాలి. మేముండే ఇల్లు ఆ స్టేషన్‌కి పది నిమిషాల నడక. దిగి, ఇంకో బండి ఎక్కి, మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయింది. నాకు ఒక్క ఫోన్ కూడా చేయలేదు. ఎవరో పాత స్నేహితురాలి ఇంటికి వెళ్ళి ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉంది.

మార్చి మొదటి వారంలో ఎండ ముదిరింది. కాయ రంగు తిరిగింది కానీ తీపి ఎక్కలేదు. లెక్క ప్రకారం మార్చి ఎనిమిదిన కోయాలి. కోస్తే పచ్చి పులుపు. ఆగితే జాడీలో మాగే రోజులు తగ్గుతాయి. అక్క ఆగింది. ఇరవై ఒక్క రోజుల్లోంచి ఒక్కో రోజూ తీసి కాయకి ఇచ్చింది. ఒక రోజు ఎండ తగిలితే అంత తీపి, అంత తక్కువ మాగుడు. ప్రతి పొద్దునా ఫోన్ చేసి, "ఇవాళ్టికి ఆపనా, కొయ్యనా?" అని అడిగేది. ఎప్పుడూ ఏ పనికీ ఎవర్నీ అడగని మనిషి. తన మీద తనకి నమ్మకం పోయిందని ఆ ప్రశ్నలోనే తెలిసిపోయేది. నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

గురువారం టీవీలో చెప్పారు, బంగాళాఖాతంలో ద్రోణి, శనివారం కోస్తాలో వానలని. ద్రాక్షకి కోతకి ముందు వాన అంటే అంతకన్నా చావు లేదు. కాయ తొక్క మీద బూడిద రాసినట్టు పల్చటి తెల్లటి పొర ఉంటుంది. జాడీలో రసం పులవడం మొదలయ్యేది ఆ పొరతోనే. వానకి అది కడుక్కుపోతుంది. పైగా కాయ నీళ్ళు తాగి పగులుతుంది. పగిలిన కాయలు నాలుగు పడితే చాలు, జాడీ మొత్తం వెనిగర్ అయిపోతుంది.

శనివారం ఒంటిపూట బడి అవగానే బండెక్కాను. నిడుబ్రోలు దాటేసరికి తూర్పు వైపు ఆకాశం నల్లగా దిగి ఉంది. ఇంటికి చేరేసరికి మూడయింది. ఏటా కోత రోజున సంఘం స్త్రీలు పదిమంది దాకా వస్తారు. అయ్యగారు ప్రార్థన చేస్తారు, వాళ్ళు పాటలు పాడుకుంటూ కోస్తారు, అక్క అందరికీ పులిహోర కలుపుతుంది. ఈసారి అక్క ఎవర్నీ పిలవలేదు. పచ్చికాయ చూపించడానికి సిగ్గుపడింది. ఒక్కతే నిచ్చెన స్టూలు మీద నిలబడి, అరవై మూడేళ్ళ మనిషి, గాలికి చీర ఎగిరిపోతుంటే గుత్తులు కోసి బుట్టలో వేస్తోంది.

"ఎందుకింత ఆలస్యం? పట్టు, ఆ బుట్ట పట్టు" అంది.

ఇద్దరం కోశాం. గాలి సముద్రం మీద నుంచి చెమ్మగా కొడుతోంది. పందిరి తీగలు ఊగి చేతికి గుత్తి దొరకడం లేదు. బుట్ట నిండగానే నేను వసారాలోకి తీసుకెళ్ళి పాత దుప్పటి మీద పరిచి వస్తున్నాను. జాడీకి ఏడు బుట్టలు కావాలి. తక్కువైతే రసం సంఘానికి సరిపోదు, జాడీలో ఖాళీ మిగిలి గాలి చేరుతుంది. అక్క ఒక్కో బుట్టా పైకే లెక్కపెడుతోంది.

ఒకసారి నేను వసారా నుంచి వచ్చేసరికి ఆమె కొయ్యడం ఆపేసి ఉంది.

"ఇది నాలుగోదా, అయిదోదా?"

"అయిదు అనుకుంటా" అన్నాను. నాకూ సరిగ్గా తెలీదు. అంత హడావుడిలో ఎవరికైనా తప్పుతుంది.

కానీ అక్క మొహం తెల్లబోయింది. స్టూలు మీద నిలబడే ఎడమ చేతి వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆగింది. మళ్ళీ మొదటికొచ్చింది. ఒకటి, రెండు. వెనక ఉరుము వినపడింది. ఆమె వినిపించుకోలేదు.

"చూశావా?" అంది. "ఇప్పుడే, ఈ చేత్తోనే కోసి ఇచ్చాను. అయినా పోయింది. పోయింది రా. నన్నెవరు చూస్తారు?"

"అక్కా, దిగు."

"నన్నెవరు చూస్తారు రా?"

"అక్కా, ఆ తేదీ తప్పు చెప్పింది నేను."

"ఏ తేదీ?"

"ఈస్టర్ తేదీ. అక్టోబరులో నువ్వు అడిగితే ఇరవై అని చెప్పింది నేనే. ఫోన్లో అయిపోయిన ఏడాది తేదీ చూసి చదివేశాను. నీ చెవి తప్పు వినలేదు. నీ లెక్క తప్పలేదు. నేను చెప్పినదానికి నువ్వు సరిగ్గానే లెక్కేశావు."

అక్క స్టూలు దిగింది. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"జనవరి ఒకటిన. నువ్వు ఫోన్ చేసినప్పుడే."

"నేను అడిగితే గుర్తులేదన్నావు."

"అన్నాను."

ఆ తర్వాత నేను అనకూడని మాట ఒకటి అన్నాను. రెండున్నర నెలలుగా నాకు నేను చెప్పుకుంటున్న మాట అది. "అయినా అక్టోబరులో కత్తిరించి ఉంటే లేత చిగుళ్ళన్నీ ఆ గాలివానకి పోయేవి కదక్కా. ఒకరకంగా..."

"నోర్ముయ్" అంది.

నా జీవితంలో అక్క నన్ను ఆ మాట అనడం అదే మొదలు. లోపలికి వెళ్ళింది. కత్తెరతోనే వెళ్ళింది. నేను పందిరి కింద నిలబడిపోయాను. మొదటి చినుకు నా చేతి మీద పడింది. వెచ్చగా ఉంది. గుత్తులు తడుస్తాయని తెలిసి కూడా కాలు కదలలేదు.

అక్క తన హ్యాండ్‌బ్యాగు తెచ్చి, అందులోంచి మాత్రల అట్ట తీసి నా చేతిలో పెట్టింది. సగం మాత్రలు వాడేసి ఉన్నాయి.

"ఇవేంటో తెలుసా? మతిమరుపుకి. రేపల్లెలో డాక్టరు గారు రాసిచ్చారు. ఇక్కడ డాక్టర్లందరికీ నేను తెలుసు, తెనాలిలో అందరికీ నువ్వు తెలుసు. అందుకని ఎవరికీ తెలీని చోటికి వెళ్ళాను. పరీక్ష పెట్టారు. వందలోంచి ఏడు తీసెయ్యమన్నారు, వచ్చినదాంట్లోంచి మళ్ళీ ఏడు తీసెయ్యమన్నారు. తొంభై మూడు చెప్పాను. ఎనభై ఆరు చెప్పాను. ఆ తర్వాత రాలేదు. భయంతో రాలేదు రా, భయంతో! ముప్పై ఏళ్ళు వార్డులో పేషెంట్లకి మాత్రలు లెక్కపెట్టి ఇచ్చినదాన్ని నేను."

చినుకులు పెద్దవయ్యాయి. ఇసుకలో గుంటలు పడుతున్నాయి.

"ఇవి మింగితే పొద్దున్నంతా కడుపులో తిప్పుతోంది. అయినా మింగాను. అమ్మలా అయిపోకూడదని మింగాను. రోజుకొకటి."

నేను ఏడ్చాను. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, పిల్లలు నన్ను చూస్తే వరండాలో పక్కకి తప్పుకుంటారు. అక్కడ నిలబడి ఏడ్చాను. అక్క నన్ను ఓదార్చలేదు. ఓదారుస్తుందేమోనని కాస్త ఎదురుచూశాను, అది కూడా రాసుకోవాలి. మాత్రల అట్ట నా చేతిలోంచి లాక్కుని పందిరి అవతలికి, కంచె దాటేలా విసిరేసింది.

"కొయ్యి. తడిసిపోతున్నాయి" అంది.

కోశాం. వానలోనే కోశాం. తడిసినవి ఒక పక్క, తడవనివి ఒక పక్క. పగిలిన కాయ కనపడితే అక్క గుత్తిలోంచి గిల్లి పారేసింది. వసారాలో ఫ్యాన్ కింద దుప్పట్లు పరిచి, రెండు గంటల సేపు ఇద్దరం గుత్తి గుత్తీ తిప్పి ఆరబెట్టాం. ఏడు బుట్టలు అనుకున్నది అయిదున్నర తేలాయి. ఆ లెక్క ఆమే పైకి చెప్పింది, గట్టిగా, గోడకి చెప్పినట్టు. నలిపి, పంచదార మామూలుకన్నా ఎక్కువ వేసి, చిన్న జాడీలోకి మార్చి, మూతికి గుడ్డ కట్టింది. నేను ఆఖరి బండికి తెనాలి వచ్చేశాను.

తర్వాతి రెండు వారాలు అక్క ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తి, "మాగుతోంది" అని పెట్టేసేది. రెండు ఆదివారాలు వెళ్ళాను. అన్నం పెట్టింది. కూర అడిగి వేసింది. ఎదురుగా కూర్చోలేదు. నేను ఆ రెండు వారాలూ ఒకటే అనుకున్నాను, గురువారం గుడిలో అందరి ముందూ చెప్పేస్తానని. ఇంక నవ్వితే నవ్వనీ.

గురువారం సాయంత్రం ఆరున్నరకి ఆరాధన. అక్క జరీ అంచు తెల్ల చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఆమె తెచ్చిన రసం బల్ల మీద గిన్నెలో ఉంది. రంగు పల్చగా, కుంకుమ నీళ్ళలా ఉంది. మనుషులు వరసగా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంటున్నారు. తాగి లేచేటప్పుడు కొందరి మొహాలు ముడుచుకోవడం నాకు కనపడింది. అక్కకీ కనపడి ఉంటుంది. మా వంతు వచ్చింది. రసం నా నాలిక మీద పడగానే పళ్ళు జివ్వుమన్నాయి. పండని పులుపు. వెనిగర్ మాత్రం కాలేదు. రసమే. పుల్లటి రసం.

ఆరాధన అయ్యాక గుడి వాకిట్లో సంఘ పెద్ద అక్క దగ్గరికి వచ్చాడు. చుట్టూ పదిమంది ఉన్నారు.

"ఏంటి సిస్టరమ్మా, ఈసారి బాగా పుల్లగా ఉందే?"

నేను ముందుకి అడుగు వేశాను. "అది అక్క తప్పు కాదండి" అనబోయాను. 'అది' దగ్గరే అక్క నా మోచెయ్యి పట్టుకుంది. వేళ్ళు కండలోకి దిగాయి.

"ఎండ చాల్లేదండి" అంది. "ఈ ఏడు మంచు ఎక్కువ, ఎండ తక్కువ. చూశారుగా."

"అవునవును, ఎప్పుడూ లేనంత మంచు. సర్లెండి, వచ్చే ఏటి నుంచి ఎలాగూ సీసాలేగా."

"సీసాలెందుకండీ? నాకేమైంది? పందిరి తీయించట్లేదు. అయ్యగారికి చెప్తాను" అంది. గొంతులో జనవరి నుంచి లేని బింకం ఉంది. సంఘ పెద్ద నవ్వి, "మంచిదండి, మంచిదండి" అంటూ వెళ్ళిపోయాడు.

గేటు దాటి ఆటో కోసం నిలబడ్డాం. నా మోచెయ్యి ఇంకా నొప్పిగానే ఉంది.

"నన్నెందుకు చెప్పనివ్వలేదు?" అన్నాను. "నా పరువు కాపాడక్కర్లేదక్కా. చెప్పాలనే వచ్చాను."

"నీ పరువా?" అంది. నవ్వలేదు, అరవలేదు. రోడ్డు వైపే చూస్తూ అంది. "తమ్ముడు తేదీ తప్పు చెప్పాడంటే నవ్వుకుంటారు, అయిపోతుంది. కానీ ఎప్పుడు తెలిసిందని అడుగుతారు కదరా. ఎవరో ఒకరు అడుగుతారు. తెలిసి కూడా రెండున్నర నెలలు నా తమ్ముడు నన్ను అలా వదిలేశాడని చెప్పుకోవాలంటే నాకు సిగ్గేసింది. నీకు కాదు. నాకు."

ఆటో వచ్చింది. అక్క ముందు ఎక్కి, లోపలికి జరిగి నాకు చోటిచ్చింది. నేను పక్కన కూర్చున్నాను.